సొట్ట బకెట్

"సంతకం పెట్టు నాన్నా."

మోరీన్ ఈ మాట అనడం అది నాలుగోసారి. కాగితం వంటింటి టేబుల్ మీద ఉంది. కాగితం మీద కలం ఉంది. కలానికి జానెడు దూరంలో మా మామగారి చెయ్యి ఉంది. ఆ చెయ్యి కదలడం లేదు.

మా ఆవిడ తండ్రిని నాన్నా అని పిలిచిందంటే ఇంట్లో ఏదో మునిగిపోతోందని లెక్క. మామూలు రోజుల్లో ఆవిడకీ ఆయన కోచే. నాకూ కోచే. మా అబ్బాయి ఆర్లోకీ, పోస్టు తెచ్చేవాడికీ, చర్చిలో పాస్టరుకీ, బ్రాంటన్ ఊరంతటికీ, కాలేజీ ఫుట్‌బాల్ జట్టుని ఏళ్ళ తరబడి ఆడించిన ఆయన కోచే. ఎవరెట్ స్ట్రాండ్ అనే పేరొకటి ఉందని ఆయనే మర్చిపోయి ఉంటారు.

ఆ పేరు ఇప్పుడు మా గరాజ్‌లో గడ్డి పరుపు మీద పడుకుని ఉంది. ఆరు ఉక్కు అక్షరాలు, ఒక్కొక్కటి మనిషెత్తు. రేపు సాయంత్రం ఆరింటికి కాలేజీ కమిటీ చేతులెత్తి ఒప్పుకుంటే, శనివారం క్రేన్ వచ్చి వాటిని స్టేడియం పడమటి గోడ నెత్తిన నిలబెడుతుంది. మిగతా ముగ్గురు పాత కోచ్‌ల అక్షరాలు ఓటయ్యాకే చేయిద్దామన్నారు. మా ఆవిడ మాత్రం ఆగలేకపోయింది. అడిగినవాడు ఖాయం చెయ్యకుండా సరుకు తెప్పించకూడదు. ముప్పై ఆరేళ్ళకు పైగా ఇనుప సామాను అమ్ముతున్నవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ అడిగింది భార్య అయినప్పుడు మనిషి తెలిసి తెలిసి తప్పు సరుకు తెప్పిస్తాడు.

"నాలుగు ముక్కలేగా నాన్నా," అంది మోరీన్. "బెర్నడెట్ కోసిక్ గారికి. మీరడిగిన ప్రశ్నకి జవాబు, అవును, ఆ రోజు బకెట్‌లో నీళ్ళున్నాయి. మీ తమ్ముణ్ణి నేను మర్చిపోలేదు. ఇట్లు. ఇంతే. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

కోచ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. బయట ఆగస్టు ఎండ. నేను పొద్దున తడిపిన గడ్డి మధ్యాహ్నానికే మళ్ళీ పసుపెక్కింది.

ఉత్తరం నిన్న వచ్చింది, దాని నకలు కమిటీకీ వెళ్ళింది. వచ్చినప్పటి నుంచీ ఈయన నోరు విప్పలేదు. రాత్రి తినలేదు. పొద్దున గుడ్లు పెడితే పళ్ళెం పక్కకి జరిపారు. ఇప్పుడు టేబుల్ మీద చల్లని హామ్ ముక్కలూ, ఉడికించిన మొక్కజొన్న కంకులూ ఉన్నాయి. వాటి వైపు చూడలేదు.

ఆ ఉత్తరంలో తిట్టు ఒక్కటి లేదు. అదే నన్ను భయపెట్టింది. తిట్టే మనిషితో బేరం కుదురుతుంది. బెర్నడెట్ కోసిక్ ఒక్క ప్రశ్న అడిగింది. గోడ మీద కోచ్‌ల పేర్లు పెడతారని పేపర్లో చూశాను, నాకేమీ అభ్యంతరం లేదు, కానీ నేను పోయేలోగా ఒక్కటి తెలియాలి, ఆ రోజు బకెట్‌లో నీళ్ళున్నాయా లేవా అని.

ఆ రోజంటే ముప్పై ఆరేళ్ళ కిందటి ఆగస్టు. రేమండ్ కోసిక్ పంతొమ్మిదేళ్ళవాడు, గని కార్మికుడి కొడుకు. మధ్యాహ్నం ప్రాక్టీసులో హెల్మెట్‌తోనే కూలిపోయాడు. చీకటి పడకముందే పోయాడు. మైదానం పక్కన నీళ్ళున్నాయి, ఆటగాడు అడగలేదు అని కాలేజీ కాగితం రాసిచ్చింది. ఆ కాగితాన్ని ఆ తల్లి చచ్చేదాకా నమ్మలేదట. చచ్చేదాకా కూతుర్ని నమ్మనివ్వలేదట.

గోడకి బిగించిన ఫోన్ మోగింది. మోరీన్ ఒక్క అంగలో అందుకుంది.

"ఆ, చెప్పండి ప్రూయిట్ గారూ." ప్రూయిట్ మా ఊరి పళ్ళ డాక్టరు, కమిటీకి పెద్ద. ఆయన గొంతు నాదాకా వినిపిస్తోంది. "ఇద్దరు ఊగుతున్నారా? ఎవరెవరు? అదా సంగతి. జవాబు చదివితే ఊగడం ఆగుతుందిగా? పెడుతున్నారు. ఇదిగో, ఇప్పుడే పెడుతున్నారు." ఫోన్ పెట్టి మా వైపు తిరిగింది. "విన్నారుగా. ఉత్తరం చదివితే ఏడుగురూ చేతులెత్తుతారు. చదవకపోతే వాయిదా. వాయిదా అంటే నాకు తెలుసు. కోచ్ పోయాక చూద్దామని అర్థం."

"అయితే పోయాకే చూడనీ," అన్నాను నేను.

"నువ్వు మాట్లాడకు లీలండ్. ఎనిమిదేళ్ళు తిరిగాను దీనికోసం. ప్రతి పాత ఆటగాడికీ నేనే రాశాను. ఎంతమంది జవాబిచ్చారో తెలుసా? డాక్టర్లు, జడ్జీలు, పందుల పెంపకంవాళ్ళు. యుద్ధానికి వెళ్ళినవాళ్ళకి ఈయన నెలనెలా ఉత్తరం రాశారట, ఒక్కణ్ణి వదలకుండా. ఆ సంగతి మా అమ్మకే తెలీదు. ఇలాంటి మనిషి పేరు గోడ మీద లేకపోతే ఇంకెవరిది ఉంటుంది?"

వెనక తలుపు తెర చప్పుడైంది. ఆర్లో లోపలికొచ్చాడు. పొద్దుటి ప్రాక్టీసు అయిపోయింది. జుట్టు తడి. చేతిలో పెద్ద నీళ్ళ సీసా. ఈ కాలం కోచ్‌లు ఇరవై నిమిషాలకోసారి విజిల్ వేసి మరీ తాగిస్తారు. తాగనివాణ్ణి తిడతారు.

"ఇంకా అయిపోలేదా మీ సంతకాల సభ?" అన్నాడు వాడు. కంకి ఒకటి తీసుకుని నిలబడే కొరికాడు. "ఏంటి కోచ్, కాప్టెన్ వచ్చాడు, పలకరింపు లేదా?"

ఈ ఏడాది వాడే కాప్టెన్. మామూలుగా అయితే కోచ్ వాడి భుజం మీద పిడికిలితో ఒక్కటి పొడిచి, "బొమ్మ కాప్టెన్" అంటారు. ఇవాళ వాడి చేతిలో సీసా వైపే చూస్తున్నారు.

"ఏం రుచిగా ఉంటాయి అవి?" అని అడిగారు.

నిన్నటి నుంచి ఆయన అన్న మొదటి మాట అది. మోరీన్ కుర్చీలో కూర్చుండిపోయింది.

"నీళ్ళా? నీళ్ళలాగే ఉంటాయి," అన్నాడు ఆర్లో. సీసా టేబుల్ మీద పెట్టాడు. "కావాలా?"

కోచ్ తల అడ్డంగా ఊపారు. పళ్ళెం ఖాళీ చెయ్యనిదే ఆయన నీళ్ళు ముట్టరు. మోరీన్‌నీ అలాగే పెంచారు. మా పెళ్ళయిన కొత్తలో ఆవిడ అన్నం ముందు నీళ్ళగ్లాసు పెడితే దొంగసొమ్ములా చూసేది.

"ఉన్నాయి," అన్నారు కోచ్.

"ఏమిటి నాన్నా?"

"బకెట్‌లో నీళ్ళు. ఉన్నాయి. నిండా ఉన్నాయి."

మోరీన్ ముఖం మీంచి ఓ పెద్ద బరువు దిగిపోవడం నేను చూశాను. బల్ల మీద అరచేత్తో కొట్టింది. "చూశారా! చెప్పానా నేను! ఉన్నాయట. మరి నిన్నటి నుంచీ ఈ మౌనం ఏంటి నాన్నా, మమ్మల్ని చంపడానికి కాకపోతే? పెట్టు సంతకం."

"తాగడానికి కాదు ఆ నీళ్ళు," అన్నారు కోచ్. "గుడ్డలు తడపడానికి. ముఖాలు తుడుచుకోవడానికి. నీళ్ళు తాగితే కాళ్ళు బరువెక్కుతాయి, కడుపు పట్టేస్తుంది అనేవాళ్ళం. ఉప్పు బిళ్ళలు మింగించేవాళ్ళం. నాకు నేర్పినవాళ్ళు అదే నేర్పారు. నేనూ అదే నేర్పాను."

"అందరూ అంతే చేశారు అప్పట్లో. దేశమంతా అంతే."

"అడ్డు రాకు మోరీన్."

ఆయన కోచ్‌గా అన్న మాట అది.

"మూడో డ్రిల్లు అవుతోంది. రేమండ్ వరసలోంచి బయటికొచ్చాడు. నడక తిన్నగా లేదు. బద్ధకం అనుకున్నాను. బకెట్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అందులో ఉన్న గుడ్డ తీసి, పిండకుండా, పక్కన గడ్డి మీద జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత ఇలా పట్టాడు."

ఎనభై నాలుగేళ్ళ ఆ రెండు చేతులూ టేబుల్ మీంచి లేచి దోసిలి పట్టాయి.

"దోసిలి నీళ్ళలోకి దిగకముందే తన్నాను."

ఆర్లో నోట్లో మొక్కజొన్న గింజలు ఉన్నాయి. వాడు నమలడం మానేశాడు.

"అతన్నా?" అన్నాడు చివరికి.

"బకెట్‌ని. ఆటగాణ్ణి నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఒక్కణ్ణి కూడా. దాని గురించి నాకు గర్వం ఉండేది." కోచ్ చేతులు కిందికి దించారు. "నీళ్ళు గడ్డిలోకి పోయాయి. అతను ఆ గడ్డి వైపు చూశాడు. నా వైపు చూశాడు. 'అలాగే కోచ్' అన్నాడు. లేచి వరసలోకి వెళ్ళాడు. పావుగంటకి పడ్డాడు."

మోరీన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ పెదాలు ఏదో కూడుతున్నట్టు కదిలాయి. అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు.

"బకెట్," అంది. "నాన్నా, ఏ బకెట్?"

ఊళ్ళో ఏ బకెట్ అని ఎవరూ అడగరు. బ్రాంటన్‌లో బకెట్ అంటే ఒక్కటే. స్టేడియంలో ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే సొరంగంలో, ఎడమ గోడకి, చెయ్యి అందేంత ఎత్తులో మేకుకి వేలాడుతూ ఉంటుంది. పొట్ట మీద పెద్ద సొట్ట. సొంత మైదానంలో ఆడే ప్రతి ఆటకీ ముందు ఒక్కొక్కడూ దాని కింద నుంచి వెళుతూ ఆ సొట్టని అరచేత్తో తడతాడు. తట్టీ తట్టీ ఆ చోట రేకు వెండిలా మెరుస్తుంది. అరవై మూడులో లార్కిన్ కాలేజీ మీద సగం ఆట అయ్యేసరికి మనవాళ్ళు చిత్తుగా ఓడిపోతున్నారనీ, డ్రెస్సింగ్ గదిలో కోచ్ నిండు బకెట్‌ని ఒక్క తన్ను తన్ని, నీళ్ళు ఓడిపోయేవాళ్ళకి అని అరిచారనీ, వాళ్ళు వెళ్ళి గెలిచారనీ కథ. ఆ కథ ఊళ్ళో పిల్లలకి మాటలొచ్చిన ఏడాదే వస్తుంది.

"అదే," అన్నారు కోచ్.

"కానీ అరవై మూడులో..."

"అరవై మూడులో నేను దేన్నీ తన్నలేదు. తెప్పించాను. షెడ్‌లో మూలన పడి ఉంటే తీసుకురమ్మని చెప్పి వాళ్ళ మధ్యలో పెట్టాను. ఆ వేసవి తర్వాత ఎవరూ రేమండ్ పేరెత్తలేదు మోరీన్. రెండేళ్ళయింది. నేనూ ఎత్తలేదు. ఆ రోజు ఓడిపోతున్నాం కదా, ఇక పోయేదేముంది, చెప్పేద్దాం అనుకున్నాను. 'ఈ సొట్ట చూడండ్రా' అన్నాను. తర్వాతి మాట గొంతులోంచి రాలేదు. ఏడుపొచ్చింది. వాళ్ళు నా ఏడుపు చూసి లేచి నిలబడ్డారు. అరిచారు. ఒక్కొక్కడూ వచ్చి దాన్ని కొట్టి బయటికి పరిగెత్తాడు."

"వెళ్ళి గెలిచారు," అన్నాను నేను. నాకు తెలీకుండానే అన్నాను.

"గెలిచారు. మర్నాడు పేపర్లో నేను తన్నానని రాశారు. కాదని చెప్పాలంటే ఎప్పుడు తన్నానో చెప్పాలి."

కుర్చీ వెనక్కి పడింది. ఆర్లో తగిలి పడింది అది. వాడు తన కుడి అరచేతిని ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. ఆ పని చేస్తున్నానని వాడికి తెలిసినట్టు లేదు.

"పోయిన నవంబరులో నేను దానికి ముద్దు పెట్టాను," అన్నాడు. "ఆఖరి ఆట రోజు. ఫోటో తీశారు. అమ్మా, ఆ ఫోటో ఫ్రేము కట్టించావు నువ్వు."

"ఆర్లో, కూర్చో."

"రేపు కొత్త కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి దాన్ని ముట్టుకోవడం నేర్పించాలి. నేనే. కాప్టెన్ని. ఏం చెప్పమంటారు కోచ్? ఇక్కడే చెయ్యి పెట్టండ్రా, ఇక్కడే ఒకడికి..."

తెర తలుపు దబ్బుమని కొట్టుకుంది. పికప్ బండి వెనక్కి తిరుగుతూ నా గులాబీ మొక్కల మీదుగా పోయింది.

ఆ చప్పుడు సందు చివరిదాకా వెళ్ళేవరకూ మేం ముగ్గురం విన్నాం. తర్వాత మోరీన్ కలం తీసి మూత పెట్టింది. మళ్ళీ మూత తీసింది.

"ఈ సంగతి ఈ గది దాటకూడదు," అంది నెమ్మదిగా. "ఆర్లోకి నేను చెప్పుకుంటాను. ఆవిడ అడిగింది నీళ్ళున్నాయా అని. ఉన్నాయి. నువ్వే అన్నావు. ఆవిడ అడగనిది మనం చెప్పక్కర్లేదు. లీలండ్, చెప్పు నాన్నకి. దుకాణంలో నువ్వు ప్రతి గిరాకీకీ అడగనివి కూడా చెబుతావా?"

నేను నోరు తెరిచేలోగా కోచ్ అన్నారు.

"అతన్నెందుకు అడుగుతావు? అతనికి ముందు నుంచీ తెలుసు."

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ మనిషితో ఒకే టేబుల్ దగ్గర అన్నం తింటున్నాను. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలీదనుకున్నాను.

"ఏం తెలుసు?" అంది మోరీన్.

"రేమండ్‌ని పాతిపెట్టిన మర్నాడు నేను వీళ్ళ ఇనుప సామాను దుకాణానికి వెళ్ళాను. కొత్త బకెట్ కావాలన్నాను. గల్లా దగ్గర లీలండే ఉన్నాడు. పాతదానికేమైంది కోచ్, జూన్‌లోనేగా తీసుకెళ్ళారు అన్నాడు. సొట్టపోయింది అన్నాను. అంతే, ఇంకేం అడగలేదు. నా బూటు వైపు చూశాడు. చూసి, వెనక్కి వెళ్ళి ఇంకోటి తెచ్చిచ్చాడు."

ఆయన చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. ఆ బూటు ముందు భాగం మీద తెల్లటి గీత ఉంది. కొత్త రేకు పూత అంటుకుంటే అలాగే పడుతుంది. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్ళు. రేకు ఎలా సొట్టపోతుందో, దేనితో పోతుందో చూసిన కళ్ళకి చెప్పక్కర్లేదు. మూడేళ్ళ తర్వాత ఆ బకెట్‌ని సొరంగంలో వేలాడదీయడానికి మేకు కొట్టింది కూడా నేనే. జూన్‌లో అమ్మిన సరుకుని నేను గుర్తుపట్టలేదంటే అబద్ధం.

"లీలండ్."

"బకెట్ సొట్టపోయిందని తెలుసు మోరీన్. ఎలాగో నేను అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఎప్పుడో తయారుగా ఉంది. అందుకే సిగ్గేసింది. మా ఊళ్ళో ప్రతి హెల్మెట్టూ, ప్రతి బూటు జతా మా దుకాణం నుంచే వెళ్ళేవి. దానికి తోడు కోచ్ కూతురు శనివారాలు మా దుకాణం ముందు నుంచి సైకిల్ మీద వెళ్ళేది. తక్కెడలో అటు ఒక చచ్చిపోయిన కుర్రాడు, ఇటు బతికున్న ఊరంతా. నేను తూచాను. తూచడానికి నాకు బకెట్ తెచ్చేంతసేపు కూడా పట్టలేదు.

"నువ్వు నన్ను పెళ్ళాడినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

"ఆర్లోని ఎత్తుకుని ఆ సొరంగంలోకి తీసుకెళ్ళావే, వాడికి నాలుగేళ్ళప్పుడు. వాడి చెయ్యి పట్టి దాని మీద పెట్టావే. అప్పుడు కూడా?"

నేను చేతిలో కంకిని పళ్ళెంలో పెట్టాను.

ఆవిడ అరిస్తే బాగుండేది. అరవలేదు. నా ముందున్న పళ్ళెం తీసి, నేను సగం తిన్న కంకితో సహా సింకులో పెట్టింది. మేమిద్దరం పోట్లాడుకున్న రోజుల్లో కూడా ఆవిడ నా పళ్ళెం అలా తీసెయ్యలేదు.

"ఇంట్లో ఇద్దరు మగాళ్ళు," అంది సింకు వైపు తిరిగి. "ఎనిమిదేళ్ళు నేను ఇంటింటికీ తిరిగి ఈయనలాంటి మనిషి లేడని చెబుతుంటే, ఇద్దరూ భోజనం చేస్తూ విన్నారు. ఒక్కడైనా ఊరుకోవే అనలేదు."

"అన్నాను," అన్నారు కోచ్. "గోడ మీద పేరొద్దన్నాను. మూడుసార్లు."

"సిగ్గుపడుతున్నావనుకున్నాను నాన్నా! గొప్పవాళ్ళు అలాగే అంటారనుకున్నాను!"

"గోడ మీద రాస్తే మొత్తం రాయాలి. గెలిచినవే రాసి ఊరుకుంటే అది గోడ కాదు." ఆయన లేచి నిలబడ్డారు. బల్ల పట్టుకున్నారు. "రేపు ఓటుకి ముందు నేను మాట్లాడతాను. నన్నెవరు తీసుకెళతారు?"

"ఎవరూ తీసుకెళ్ళరు," అంది మోరీన్. తలుపు పక్కన కొక్కేనికి ఉన్న బండి తాళాలు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. "నువ్వు మాట్లాడితే మర్నాటికి నిన్ను ఈ ఊళ్ళో ఎవరూ కోచ్ అనరు. ఎనభై నాలుగేళ్ళకి ఏ పేరుతో బతుకుతావు? ఏం మిగులుతుంది నీకు?"

"పేరుంది కదా," అన్నారు ఆయన. "గరాజ్‌లో."

అప్పుడే పికప్ చప్పుడు మళ్ళీ వినిపించింది.

ఆర్లో తలుపు తీసుకుని వచ్చాడు. చంకలో బకెట్ ఉంది. మేకుతో సహా పీక్కొచ్చినట్టున్నాడు, దాని పిడికి సున్నం పెచ్చు వేలాడుతోంది. దాన్ని హామ్ పళ్ళెం పక్కన పెట్టాడు. సొరంగం బయట, పగటి వెలుతురులో, మా వంటింట్లో, అది ఎంత చిన్నదో నాకు అప్పుడు తెలిసింది.

వాడి వెనక ఒక ఆవిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి. అరవై దాటిన వయసు. కాళ్ళకి నర్సులు వేసుకునే తెల్ల బూట్లు. చేతిసంచిని రెండు చేతులతో పట్టుకుంది.

"స్టేడియం గేటు దగ్గర ఉన్నారు," అన్నాడు ఆర్లో ఎవరి వైపూ చూడకుండా. "రేపటి కమిటీ సభ దాకా ఆగలేక ఇవాళే వచ్చారట. బకెట్ చూడొచ్చా అని అడిగారు. నేనేం చెప్పలేదు. తాతయ్యే చెప్పాలి అన్నాను."

వాడు కోచ్‌ని తాతయ్య అని మా ముందు అనడం నేను అంతకు ముందు వినలేదు.

"నేను బెర్నడెట్ కోసిక్," అంది ఆవిడ. "పిలవకుండా వచ్చాను, ఏమీ అనుకోకండి. ఎక్కువసేపు కూర్చోను. స్ట్రాండ్ గారూ, నేను రాసిన ఉత్తరం అందిందా?"

స్ట్రాండ్ గారు. ఊళ్ళో ఒక మనిషి ఆయన్ని ఆ పేరుతో పిలిచింది.

కోచ్ నోరు తెరుచుకుంది. అరవై మూడులో డ్రెస్సింగ్ గదిలో ఎలా తెరుచుకుందో అలాగే అయి ఉంటుంది. మాట రాలేదు.

"ఉన్నాయండీ," అంది మోరీన్.

నేను ఆవిడ వైపు తిరిగాను. ఆర్లో కూడా తిరిగాడు.

"నీళ్ళున్నాయి," అంది మోరీన్. టేబుల్ మీది కాగితం తీసి చాచింది. "మా నాన్న ఇప్పుడే చెప్పారు. జవాబు రాస్తున్నాం. బకెట్ నిండా ఉన్నాయట."

బెర్నడెట్ కాగితం తీసుకోలేదు. దగ్గరున్న కుర్చీ వీపు పట్టుకుంది.

"నిండానా?"

"నిండా."

"అయ్యో దేవుడా," అంది. కూర్చుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు, రెండూ కలిసి వచ్చాయి. "మా అమ్మ పోయేముందు కూడా అదే అంది. నా బిడ్డకి గుక్కెడు నీళ్ళు లేకుండా చంపారే అంది. నేను నర్సుని. ఎంతమందికి గ్లాసు నోటికి అందించానో లెక్కలేదు. ప్రతిసారీ వాడే గుర్తొచ్చేవాడు. ఉన్నాయన్నమాట! అయితే వాడే అడగలేదు. మొండివాడు. చిన్నప్పుడూ అంతే, జ్వరమొచ్చినా నీళ్ళు కావాలనేవాడు కాదు." కళ్ళు తుడుచుకుంది. "మీ పేరు పెట్టించుకోండి స్ట్రాండ్ గారూ. రేపు నేను కూడా వచ్చి చెబుతాను, పెట్టమని."

ఒక్క మాటకి అందరికీ కావలసింది దొరికింది. మోరీన్‌కి గోడ. ఊరికి కథ. ఈ ఆడమనిషికి ముప్పై ఆరేళ్ళ తర్వాత ఒక రాత్రి నిద్ర. నేను జీవితంలో చూసిన బేరాల్లో ఇంత తేలిగ్గా కుదిరింది లేదు. మోరీన్ కాగితం పట్టుకున్న చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. కోచ్ తన రెండు చేతుల వైపు చూసుకుంటున్నారు.

ఆర్లో తన సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ థాంక్స్ బాబూ అని సగం తాగింది. తర్వాత బకెట్‌ని తన వైపు తిప్పుకుంది. మెరుస్తున్న చోట వేళ్ళు పెట్టింది. రోగి పొట్ట మీద నొప్పి ఎక్కడుందో వెతికేటప్పుడు నర్సులు నొక్కినట్టు, అంచు వెంట మెల్లగా తడిమింది.

"స్టేడియం గేటు మీద మీ దుకాణం బోర్డు చూశాను," అంది నా వైపు తలెత్తి. "ఇనుప సామాను మీదేగా? మీకు తెలిసే ఉంటుంది. ఇంత గట్టి రేకు ఇలా ఎలా సొట్టపోయిందండీ?"

వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయింది. నా భార్య నా వైపే చూస్తోంది. నా కొడుకు కూడా.

ముప్పై ఆరేళ్ళలో ఈ ప్రశ్న రెండోసారి నా దగ్గరికొచ్చింది. మొదటిసారి అడగవలసినవాణ్ణి నేను. వెనక్కి వెళ్ళి ఇంకో బకెట్ తెచ్చాను.

ఈసారి వెనక గది లేదు.